అనుమతి కూడా అమానతే

మొదటి ఖుత్బా

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే చెందుతాయి. మనం ఆయననే స్తుతిస్తున్నాం, ఆయన సహాయాన్నే అర్థిస్తున్నాం, ఆయన మన్నింపునే వేడుకుంటున్నాం. అల్లాహ్ తప్ప వేరే ఆరాధ్యుడు లేడనీ, ముహమ్మద్ (స) ఆయన దాసులూ, ఆయన ప్రవక్తా అనీ సాక్ష్యమిస్తున్నాం. దైవప్రవక్త (స) పైన, వారి కుటుంబీకులపైన, వారి సహచరులందరిపైన అల్లాహ్ శాంతి శుభాలు కురియుగాక!

ధార్మిక సోదరులారా! అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండమని ముందుగా మాకూ, మీకూ ఉద్బోధించుకుంటున్నాం. భయభక్తులు మస్జిదులో మాత్రమే కనబరచే గుణం కాదు. అంగట్లోనూ, ఇంట్లోనూ, ఒంటరిగా కూర్చుని ఫోను తెరపై వేలు కదిపే వేళలోనూ అవి మన వెంట ఉండాలి.

నేటి మన ప్రసంగాంశం అనుమతి. ఒకరి ఇంట్లోకి, ఒకరి మాటల్లోకి, ఒకరి జీవిత రహస్యాల్లోకి ప్రవేశించే ముందు ఇస్లాం విధించిన అనుమతి. యాప్‌లూ, వెబ్‌సైట్లూ ప్రతిదినం మన ముందు ఒక చిన్న పెట్టెలో రెండు బటన్లు పెట్టి అనుమతి అడుగుతున్నాయి. మనలో చాలామందిమి చదవకుండానే ‘సరే’ అని నొక్కుతున్నాం. ఆ నొక్కుడుకు ధర్మం దృష్టిలో విలువ ఎంత? అడిగేవాడి బాధ్యత ఏమిటి? ఇచ్చేవాడి బాధ్యత ఏమిటి? దీనిని దివ్య ఖుర్ఆన్, హదీసుల వెలుగులో పరిశీలిద్దాం.

సోదరులారా! నూర్ సూరా 27, 28 ఆయతుల్లో అల్లాహ్ విశ్వాసులకు ఒక స్పష్టమైన విధిని తెలియజేశాడు. పరుల ఇళ్లలోకి వారి సమ్మతి పొందకుండా, ఇంటివారికి సలాం చెప్పకుండా ప్రవేశించరాదు. ఇంట్లో ఎవరూ కనిపించకపోయినా సరే, అనుమతి లభించేవరకు లోపల అడుగు పెట్టరాదు. తిరిగి వెళ్లమని ఇంటివారు చెప్పినట్లయితే తిరిగి వెళ్లిపోవాలి. అలా మరలిపోవడాన్ని అల్లాహ్ అవమానంగా పేర్కొనలేదు, పరిశుద్ధమైన నడవడిగా పేర్కొన్నాడు.

దైవప్రవక్త (స) ఈ విధిని ఆచరణలో చూపించారు. ఆయన ఎవరి ఇంటికి వెళ్లినా తలుపుకు ఎదురుగా నిలబడేవారు కారనీ, కుడివైపునో ఎడమవైపునో నిలిచి సలాం చెప్పేవారనీ అబ్దుల్లాహ్ బిన్ బుస్ర్ (రజి) ఉల్లేఖించారు. ఇది అబూ దావూద్ గ్రంథంలో ఉంది. ఆ రోజుల్లో తలుపులకు తెరలు ఉండేవి కావు. ఎదురుగా నిలబడితే జవాబు రాకముందే చూపు లోపలికి వెళ్లిపోతుంది. సహల్ బిన్ సఅద్ (రజి) ఉల్లేఖనం ప్రకారం ఒక వ్యక్తి సందులోంచి దైవప్రవక్త (స) గదిలోకి తొంగి చూశాడు. ఆయన తీవ్రంగా మందలించి, అనుమతి కోరే నియమం ఏర్పడిందే చూపు కారణంగా అని తెలియజేశారు. ఇది సహీహ్ బుఖారీలో ఉంది. శరీరం గడప దాటకపోయినా, చూపు దాటితే చాలు, హక్కు భంగమైనట్లే.

మరొక సంఘటన చూడండి. అబూ మూసా అష్అరీ (రజి) ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) వద్దకు వెళ్లి మూడుసార్లు అనుమతి కోరారు. జవాబు రాలేదు. ఆయన తిరిగి వెళ్లిపోయారు. తరువాత హజ్రత్ ఉమర్ (రజి) ఆయనను పిలిపించి, ఎందుకు వెళ్లిపోయారని ప్రశ్నించారు. మూడుసార్లు కోరినా అనుమతి రాకపోతే మరలిపోవాలన్నది దైవప్రవక్త (స) ఆదేశమని అబూ మూసా (రజి) చెప్పారు. ఉమర్ (రజి) దానికి సాక్ష్యం అడిగారు. అబూ సయీద్ ఖుద్రీ (రజి) వచ్చి సాక్ష్యం పలికారు. అంతటి ఖలీఫా ఆ మాటకు తలవంచారు.

ఈ బోధనల నుండి మూడు నియమాలు మనకు లభిస్తున్నాయి. మొదటిది, చూడకముందే అడగాలి. చూసిన తర్వాత అడిగే అనుమతికి అర్థం లేదు. రెండవది, ‘వద్దు’ అన్న జవాబుకు ‘సరే’ అన్న జవాబుతో సమానమైన గౌరవం ఉండాలి. వద్దన్నవాణ్ని పదేపదే అడిగి విసిగించరాదు, సిగ్గుపడేలా చేయరాదు. మూడవది, ఎంతవరకు అనుమతి లభించిందో అంతవరకే వెళ్లాలి. ముందు గదిలో కూర్చోమన్నంత మాత్రాన లోపలి గది తలుపు తెరిచే హక్కు అతిథికి రాదు.

ఇక మన ఫోను వద్దకు వద్దాం.

మనం ఒక వెబ్‌సైట్ తెరిచినప్పుడు అది మన ఫోనులో ఒక చిన్న గుర్తును భద్రపరుస్తుంది. దానిని కుకీ అంటారు. మనం ఎంచుకున్న భాష, కొనదలచి పక్కన పెట్టిన వస్తువులు గుర్తుంచుకోవడానికి కొన్ని కుకీలు అవసరమే. మరికొన్ని ఆ వెబ్‌సైట్‌వి కావు, ప్రకటనల కంపెనీలవి. ఒకే కంపెనీ గుర్తు అనేక సైట్లలో ఉంటుంది కనుక మనం ఉదయం ఏ వార్త చదివామో, మధ్యాహ్నం ఏ మందు వెతికామో, రాత్రి ఏ వస్తువు ధర చూశామో ఆ కంపెనీ ఒకచోట కూర్చుకోగలదు. యాప్‌లలోనూ ఇటువంటి ఏర్పాటే ఉంది. యాప్ తయారుచేసేవారు ఇతర కంపెనీలు రాసిన ప్రోగ్రాం భాగాలను తమ యాప్‌లో చేర్చుకుంటారు. వాటిని ఎస్‌డీకేలు అంటారు. మనం అనుమతి ఇచ్చేది యాప్‌కు. ఆ అనుమతి చాటున లోపలి ఎస్‌డీకే కూడా అదే సమాచారాన్ని తీసుకోగలదు. తలుపు తీసింది ఒకరికి, లోపలికి వచ్చింది ఇద్దరు.

ఈ అనుమతి అడిగే తీరులోనే అసలు మోసం దాగి ఉంది. ‘అంగీకరిస్తున్నాను’ అనే బటను పెద్దదిగా, ప్రకాశవంతమైన రంగులో ఉంటుంది. ‘తిరస్కరిస్తున్నాను’ అనే మాట మసకగా ఒక మూలన ఉంటుంది, లేదా ఉండనే ఉండదు. ‘సెట్టింగులు’ అని నొక్కి, మరో పేజీకి వెళ్లి, ఒక్కొక్క మీటనూ ఆపుకుంటూ పోవాలి. ఫ్రాన్సు దేశపు సమాచార రక్షణ సంస్థ అయిన సీఎన్‌ఐఎల్ 2022 జనవరిలో గూగుల్‌పై 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌పై 6 కోట్ల యూరోలు జరిమానా ప్రకటించింది. కారణం ఒక్కటే: కుకీలను అంగీకరించడానికి ఒక్క నొక్కు సరిపోతోంది, తిరస్కరించడానికి పలుమార్లు నొక్కవలసి వస్తోంది. అంతకుముందు 2019 అక్టోబరు 1న యూరోపియన్ న్యాయస్థానం, ముందే టిక్ పెట్టి ఉంచిన గడి సమ్మతి అనిపించుకోదని తీర్పు చెప్పింది. మనిషి తన చేతితో స్పష్టంగా ఇస్తేనే అది సమ్మతి.

మన దేశంలో కూడా కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న ఇటువంటి 13 రకాల మోసపు పద్ధతులను గుర్తించి, వాటిని నిషేధిస్తూ మార్గదర్శకాలు వెలువరించింది. కొనుగోలుదారుకు తెలియకుండా అతని బుట్టలో అదనపు వస్తువు చేర్చడం, ఒక వస్తువు కావాలంటే సంబంధం లేని మరో సేవకు ఒప్పుకోక తప్పని పరిస్థితి కల్పించడం, ‘వద్దు’ అనేవాణ్ని సిగ్గుపడేలా మాటలు కూర్చడం, పదేపదే అడిగి విసిగించడం ఆ జాబితాలో ఉన్నాయి.

సోదరులారా! ఈ జాబితా 2023లో తయారైంది. కానీ దాని మూలసూత్రాన్ని మదీనా అంగట్లో దైవప్రవక్త (స) ఏనాడో బోధించారు. ఆయన ఒక ధాన్యపు రాశి వద్ద ఆగి లోపలికి చేయి పోనిచ్చారు. వేళ్లకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే, వాన పడి తడిసిందని వర్తకుడు చెప్పాడు. మరి ఆ తడిసిన దాన్ని ప్రజలకు కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన నిలదీశారు. మోసగించేవాడికి తనతో సంబంధం లేదని హెచ్చరించారు. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. ఆ వర్తకుడు అబద్ధం ఒక్కటీ ఆడలేదని గమనించండి. అడిగితే నిజమే చెప్పాడు. ఎండిన గింజలు పైన, తడిసిన గింజలు కింద ఉంచాడు, అంతే. ఆ అమరికనే దైవప్రవక్త (స) మోసంగా పరిగణించారు. పెద్ద అక్షరాల్లో ‘మీ గోప్యతే మాకు ముఖ్యం’ అని పైన రాసి, సమాచారాన్ని ఇతరులకు ఇస్తామన్న వాక్యాన్ని నలభైవ పేరాలో పెట్టినవారి పని కూడా ఆ ధాన్యపు రాశి వంటిదే.

ఇది ముస్లిం సమాజానికి దూరంగా జరుగుతున్న వ్యవహారం కాదు. నమాజు వేళలు, ఖిబ్లా దిశ తెలిపే ‘ముస్లిం ప్రో’ యాప్ ప్రపంచమంతటా తొమ్మిది కోట్లకు పైగా డౌన్‌లోడ్లు పొందింది. 2020 నవంబరులో అమెరికాలోని మదర్‌బోర్డ్ అనే వార్తాసంస్థ ఒక పరిశోధనను ప్రచురించింది. ఆ యాప్ వాడేవారు ఎక్కడెక్కడ ఉన్నారన్న సమాచారం ఎక్స్‌-మోడ్ అనే వ్యాపార సంస్థకు చేరుతోందనీ, ఆ సంస్థ గిరాకీల్లో అమెరికా సైన్యానికి పనిచేసే కాంట్రాక్టర్లు ఉన్నారనీ అది వెల్లడించింది. వార్త వెలువడగానే ముస్లిం ప్రో ఆ సంస్థతో సంబంధం తెంచుకున్నట్లు ప్రకటించింది. అదే ఏడాది డిసెంబరులో గూగుల్, ఆపిల్ సంస్థలు ఎక్స్‌-మోడ్ ఎస్‌డీకేను యాప్‌ల నుండి తొలగించమని ఆదేశించాయి.

2024 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఎక్స్‌-మోడ్ పైన, దాని వారసురాలైన అవుట్‌లాజిక్ పైన చర్య తీసుకుంది. ఆస్పత్రులు, ప్రార్థనాలయాలు, బాధిత మహిళల ఆశ్రయాలు వంటి సున్నితమైన స్థలాలకు ఎవరు వెళ్లారన్న సమాచారాన్ని అమ్మరాదని నిషేధించింది. ఆ కమిషన్ మోపిన అభియోగాల్లో రెండు మనం గుర్తుంచుకోదగినవి. సమాచారం ప్రభుత్వ కాంట్రాక్టర్ల చేతికి కూడా వెళుతుందని ప్రజలకు చెప్పలేదన్నది ఒకటి. తమను వెంబడించవద్దని ఫోనులో స్పష్టంగా ఎంచుకున్న కొందరి కోరికను కూడా ఆ సంస్థ పాటించలేదన్నది మరొకటి. ‘వద్దు’ అన్న తరువాత కూడా లోపలికి ప్రవేశించడం ఇదే.

ఫజ్ర్ నమాజు వేళ తెలుసుకోవడానికి ఫోను తెరిచిన విశ్వాసి, తన అడుగుల జాడ సంతలో సరుకవుతోందని ఎన్నడైనా ఊహించాడా? అతను ఇచ్చిన అనుమతి నమాజు వేళ కోసం. దానిని మరొక పనికి వాడుకోవడం ఖియానతు, అంటే నమ్మకద్రోహం.

మన రాష్ట్రాల్లో జరిగిన మరొక విషాదాన్ని కూడా తలచుకోవలసి ఉంది. 2020లో మహమ్మారి కాలాన ఉపాధి కోల్పోయినవారు నిమిషాల్లో అప్పు ఇస్తామన్న యాప్‌ల వలలో చిక్కారు. ఆ యాప్‌లు అప్పుకు ముందు ఫోనులోని కాంటాక్టులు, ఫొటోలు చూసేందుకు అనుమతి అడిగేవి. ఇవ్వకపోతే అప్పు లేదు. వాయిదా తప్పగానే అప్పు తీసుకున్నవాడి బంధువులకూ, మిత్రులకూ, పనిచేసే చోటివారికీ ఫోన్లు వెళ్లేవి. మార్ఫింగ్ చేసిన ఫొటోలు, దొంగ అన్న ముద్రతో సందేశాలు వెళ్లేవి. ఆ అవమానం భరించలేక ప్రాణాలు తీసుకున్నవారు ఉన్నారు. 2020 డిసెంబరులో తెలంగాణ పోలీసులు ఈ ముఠాలపై దాడులు జరిపి పలువురిని అరెస్టు చేశారు. తరువాత 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు, అప్పులిచ్చే యాప్‌లు కాంటాక్టులు, కాల్ వివరాలు, ఫొటోల జోలికి పోరాదని ఆదేశించింది. 2023లో గూగుల్ కూడా తన ప్లే స్టోరులోని అప్పుల యాప్‌లకు అదే నిషేధం విధించింది.

వడ్డీ నిషిద్ధమని మనకందరికీ తెలుసు. ఈ ఉదంతంలో మనం అంతగా గమనించని మరొక సంగతి ఉంది. ఆ ఫోన్లు అందుకున్న బంధువులు, మిత్రులు ఎవరికీ అనుమతి ఇవ్వలేదు. వారి తరఫున అనుమతి ఇచ్చింది అప్పు తీసుకున్న వ్యక్తి. అవసరంలో ఉన్న ఆ సోదరుణ్ని నిందించడం మా ఉద్దేశం కాదు, అతను అణచివేతకు గురైనవాడు. కానీ ఇందులో మనందరికీ ఒక పాఠం ఉంది.

మన ఫోనులో నాలుగు వందల నంబర్లు ఉన్నాయనుకోండి. ఆ నంబర్లు మనవి కావు. ఒక వితంతువు సహాయం కోసం ఇచ్చిన నంబరు, ఒక సోదరి మన ఇంటి ఆడవారికి మాత్రమే ఇచ్చిన నంబరు, ఒక రోగి వైద్యుని పేరు అడుగుతూ ఇచ్చిన నంబరు అందులో ఉంటాయి. ప్రతి ఒక్కటీ మనకు అప్పగించిన అమానతు. ఒక మనిషి మాట్లాడుతూ ఇటూ అటూ చూశాడంటే ఆ మాట విన్నవాడి వద్ద అమానతు అవుతుందని దైవప్రవక్త (స) బోధించారు. జాబిర్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఉంది. ‘ఎవరికీ చెప్పకు’ అని అతను నోటితో అననక్కరలేదు. అతని కళ్ల కదలికే షరతు. అటువంటప్పుడు ఒక ఆటల యాప్ ‘కాంటాక్టులు చూడవచ్చా?’ అని అడిగితే, ఆ నాలుగు వందలమంది తరఫున ‘సరే’ అనే అధికారం మనకు ఎక్కడిది? మన సొత్తు విషయంలో మనం ఉదారంగా ఉండవచ్చు. పరుల సొత్తు విషయంలో ఉదారత చెల్లదు. అమానతులను వాటి హక్కుదారులకే అప్పగించాలని నిసా సూరా 58వ ఆయతులో అల్లాహ్ ఆదేశించాడు.

కొందరు సోదరులు ఇలా అంటారు: ‘మేము ఏ తప్పూ చేయడం లేదు, దాచుకోవలసింది మాకేమీ లేదు.’ వారికి మా జవాబు నూర్ సూరాలోనే ఉంది. 58వ ఆయతులో అల్లాహ్ మూడు వేళలను పేర్కొన్నాడు: ఫజ్ర్ నమాజుకు ముందు, మధ్యాహ్నం విశ్రాంతి వేళ, ఇషా నమాజు తరువాత. ఆ వేళల్లో సొంత ఇంట్లోని చిన్నపిల్లలు, సేవకులు సైతం అనుమతి కోరి లోపలికి రావాలి. ఆ గదిలో జరిగే పాపమేమీ లేదు. అలసిన మనిషి పై వస్త్రం తీసి విశ్రమిస్తున్నాడు, అంతే. మర్యాదగా బతకడానికి కొంత మరుగు అవసరమని ఆ ఆయతు చెబుతోంది. గోప్యత దోషికి దాక్కునే చోటు కాదు, ప్రతి మనిషికీ సృష్టికర్త ప్రసాదించిన గౌరవం.

మరికొందరు ఇంకో మాట అంటారు: ‘అల్లాహ్ అన్నీ చూస్తూనే ఉన్నాడు, మన ప్రతి మాటా రాయబడుతూనే ఉంది. కంపెనీ చూస్తే మాత్రం ఏమిటి?’ అల్లాహ్ సృష్టికర్త. మనల్ని మనకంటే బాగా ఎరిగినవాడు. తప్పులు చూసి కూడా కప్పేవాడు, పశ్చాత్తాపపడితే తుడిచివేసేవాడు. సంతలోని వ్యాపారి చూసినదాన్ని కప్పడు, అమ్ముతాడు. తుడిచివేయడు, పోగుచేస్తాడు. పైగా మాటలన్నీ నమోదవుతున్నాయని ఖాఫ్ సూరాలో తెలిపిన ఆ ప్రభువే హుజురాత్ సూరా 12వ ఆయతులో పరస్పరం గూఢచర్యం చేసుకోవద్దని నిషేధించాడు. తాను చూస్తున్నాడు కనుక దాసులు కూడా ఒకరినొకరు చూసుకోవచ్చని ఆయన అనలేదు. ప్రజలు తమ మాటలు విననీయ ఇష్టపడకపోయినా చెవి ఒగ్గి వినేవాడి చెవుల్లో ప్రళయదినాన కరిగిన సీసం పోయబడుతుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఈ హదీసు సహీహ్ బుఖారీలో ఉంది.

ఇంతటితో మొదటి ఖుత్బా ముగిస్తున్నాం. మా కోసం, మీ కోసం అల్లాహ్ మన్నింపు వేడుకుంటున్నాం. మీరు కూడా వేడుకోండి. నిశ్చయంగా ఆయన క్షమించేవాడు, కరుణించేవాడు.

రెండవ ఖుత్బా

సకల స్తోత్రాలు అల్లాహ్‌కే. దైవప్రవక్త ముహమ్మద్ (స) పై శాంతి శుభాలు కురియుగాక!

ధార్మిక సోదరులారా! దేశ చట్టం ఈ విషయంలో మనకు ఏ హక్కులు ఇచ్చిందో తెలుసుకోవడం కూడా అవసరం. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, గోప్యత పౌరుని ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. 2023 ఆగస్టులో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టాన్ని ఆమోదించింది. 2025 నవంబరులో దాని నియమాలు వెలువడ్డాయి. సంస్థలపై ప్రధాన బాధ్యతలు అమలులోకి రావడానికి 18 నెలల గడువు ఇచ్చారు.

ఆ చట్టం ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా, తెలిసి, ఒక నిర్దిష్టమైన పని కోసం ఇచ్చినదై ఉండాలి. ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవడం కూడా ఇచ్చినంత సులభంగా ఉండాలి. సమాచారం ఎందుకు తీసుకుంటున్నారో తెలిపే నోటీసును ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలో గానీ చదువుకునే వీలుండాలి. తెలుగు, ఉర్దూ రెండూ ఆ 22లో ఉన్నాయి. 18 ఏళ్లలోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి. చట్టంలోనే ఒక ఉదాహరణ ఇచ్చారు: దూరవైద్యం అందించే యాప్ వైద్యం కోసం సమాచారంతోపాటు కాంటాక్టుల జాబితా కూడా అడిగి, మనిషి రెండింటికీ ఒప్పుకున్నా, వైద్యానికి కాంటాక్టులు అవసరం లేదు కనుక ఆ సమ్మతి వైద్యం మేరకే చెల్లుతుంది. ముందు గదికి ఇచ్చిన అనుమతి లోపలి గదికి చెల్లదన్న నియమమే ఇక్కడా కనిపిస్తోంది.

సమాచారం తీసుకునే సంస్థను ఆ చట్టం ‘డేటా ఫిడ్యూషియరీ’ అని పిలిచింది. నమ్మి అప్పగించినదాన్ని కాపాడవలసినవాడని ఆ మాటకు అర్థం. మన భాషలో అయితే ‘అమీన్’. భద్రతలో విఫలమైతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా ఉంది. అయితే చట్టం పట్టుకున్నవాడినే శిక్షిస్తుంది. చట్టానికి దొరకని అమీన్‌ను కూడా ప్రశ్నించే దినం ఒకటి ఉందని మన విశ్వాసం.

అందువల్ల ఈ సందర్భంగా నలుగురికి నాలుగు మాటలు మనవి చేయదలిచాం.

మొదటి మాట మన ఇళ్లకు. ఈ సాయంత్రం ఫోను సెట్టింగుల్లో ఏ యాప్‌కు ఏ అనుమతి ఉందో కుటుంబమంతా కూర్చుని చూడండి. టార్చిలైటు యాప్‌కు కాంటాక్టులు ఎందుకు? ఖుర్ఆన్ పారాయణం వినిపించే యాప్‌కు మైకు ఎందుకు? అవసరం లేనిదాన్ని ఆపివేయండి, వాడని యాప్‌ను తీసివేయండి. నమాజు వేళల యాప్‌లో లొకేషను అనుమతికి బదులు ఊరి పేరు మీరే ఎంచుకోండి. భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. మన ప్రాంతంలో ఒక డిగ్రీ అంటే నూరు కిలోమీటర్లకు పైబడిన దూరం. కనుక తూర్పు పడమరల్లో పాతిక కిలోమీటర్ల దూరానికి నమాజు వేళలో తేడా సుమారు ఒక నిమిషమే. వేళ చెప్పడానికి ఊరి పేరు చాలు, మీ వీధి, మీ గుమ్మం దానికి అవసరం లేదు. ఖిబ్లా దిశ చూడవలసి వస్తే ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’ అన్న అనుమతి ఇవ్వండి.

రెండవ మాట యాప్‌లు, వెబ్‌సైట్లు తయారుచేసే మన యువతకు. హైదరాబాదు, బెంగళూరు కార్యాలయాల్లోనూ, గల్ఫ్, అమెరికాల్లోనూ వేలాదిమంది తెలుగు యువకులు ఈ పనిలోనే ఉన్నారు. వారిలో మన పిల్లలూ ఉన్నారు. ఆ బటను ఏ రంగులో ఉండాలో, తిరస్కరించే మార్గం ఎన్ని పేజీల వెనుక ఉండాలో, ఏ ఎస్‌డీకేను చేర్చాలో రాసే చేతులు మీవి. ‘పైవారు చెప్పారు, చేశాను’ అన్న జవాబు లోకంలో చెల్లవచ్చు. పాపకార్యంలో పరస్పరం సహకరించుకోవద్దని మాయిదా సూరా 2వ ఆయతులో అల్లాహ్ ఆదేశించాడు. సమావేశంలో ఒక్కసారి ‘ఇది వాడేవారికి కనిపించేలా పెడదాం’ అని చెప్పండి. తడిసిన గింజలను రాశి పైకి తేవడమంటే అదే. మీ మాట నెగ్గకపోవచ్చు. చెప్పిన మాటకు మాత్రం అల్లాహ్ వద్ద ప్రతిఫలం ఉంది. వ్యాపారం ఉభయుల సమ్మతితోనే ధర్మసమ్మతమవుతుందని నిసా సూరా 29వ ఆయతు తెలుపుతోంది. మాయ చేసి రాబట్టినది సమ్మతి అనిపించుకోదు.

మూడవ మాట మస్జిదు కమిటీలకు, సేవాసంస్థలకు. ఫిత్రా, జకాతు పంపిణీ చేసేటప్పుడు పేదల ఆధార్ కాగితాలు, ఫోన్ నంబర్లు తీసుకుంటారు. పని పూర్తయిన తరువాత ఆ కాగితాలు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియని స్థితి ఉండరాదు. బియ్యం సంచి అందుకుంటున్న సోదరి ముఖం కనిపించే ఫొటో వాట్సాప్ గ్రూపులో పెట్టే ఆనవాయితీ కొన్ని చోట్ల ఉంది. ఆమె అక్కడ ‘వద్దు’ అనగలదా? చేయి చాచినవారి మౌనాన్ని సమ్మతిగా లెక్కించరాదు. పెళ్లి సంబంధాల కోసం ఇచ్చిన ఆడపిల్లల ఫొటోలు, వివరాలు ఒక గ్రూపు నుండి మరో గ్రూపుకు తిరగడం కూడా అమానతుకు భంగమే. కంపెనీలను ఏ కొలతతో కొలుస్తామో ఆ కొలతనే మన సంస్థలకూ వర్తింపజేయాలి. ఎవరి వివరాలు తీసుకున్నా ఎందుకో చెప్పి తీసుకోవాలి, ఆ పనికే వాడాలి, పని ముగియగానే తొలగించాలి.

నాలుగవ మాట తల్లిదండ్రులకు. పిల్లల పుట్టినతేదీ తప్పుగా వేసి ఖాతాలు తెరవనివ్వకండి. వయసు గడిలో రాసిన ఆ అబద్ధం వారు మన ఎదుట నేర్చుకునే అబద్ధమవుతుంది. పసిపిల్లల ఫొటోలు లోకమంతా చూసేలా పెట్టేముందు, వారు పెరిగి పెద్దయ్యాక ఇందుకు ఒప్పుకుంటారా అని ఆలోచించండి. అదే సమయంలో, అనుమానంతో పిల్లల ఫోన్లను దొంగచాటుగా తెరవకండి. వారికి చెప్పి, వారి ఎదుటే చూడండి. ప్రజల లోపాల వెంటబడితే వారిని చెడగొట్టినవారవుతారని దైవప్రవక్త (స) హెచ్చరించినట్లు ముఆవియా (రజి) ఉల్లేఖించారు. ఇది అబూ దావూద్‌లో ఉంది. పాలకునికి వర్తించే ఈ మాట ఇంటి పెద్దకూ వర్తిస్తుంది.

సోదరులారా! చెవి, కన్ను, హృదయం, వీటన్నింటి గురించి ప్రశ్నించబడుతుందని ఇస్రా సూరా 36వ ఆయతు మనల్ని హెచ్చరిస్తోంది. తెరపై ‘సరే’ నొక్కిన వేలు కూడా ఆ లెక్కకు బయట లేదు. ఇకపై ఏ పెట్టె ప్రత్యక్షమైనా ఒక్క క్షణం ఆగండి. అడుగుతున్నది ఎవరు, ఎందుకు అడుగుతున్నారు, ఇవ్వబోయేది నా సొత్తా, పరుల అమానతా అని చూసుకోండి. ‘వద్దు’ అనే హక్కును అల్లాహ్ మనకు ప్రసాదించాడు. దానిని వాడుకోండి. ఇతరులు మనతో ‘వద్దు’ అన్నప్పుడు ముఖం చిట్లించకుండా మరలిపోండి.

ఓ అల్లాహ్! మా లోపాలను కప్పి ఉంచు, మా భయాలను దూరం చేయి. మమ్మల్ని అమానతులు కాపాడేవారిగా తీర్చిదిద్దు. మా కళ్లను పరుల ఇళ్ల నుండి, మా చెవులను పరుల రహస్యాల నుండి, మా సంపాదనను మోసం నుండి రక్షించు. అప్పుల బాధలో ఉన్నవారికి ధర్మసమ్మతమైన మార్గం చూపించు, అవమానానికి గురైనవారికి గౌరవం ప్రసాదించు. మా పిల్లలకు సత్యం పలికే నాలుకను, సత్యం రాసే చేతులను ప్రసాదించు. మా దేశ ప్రజలందరికీ శాంతి భద్రతలు అనుగ్రహించు. మమ్మల్నీ, మా తల్లిదండ్రులనూ, విశ్వాసులైన స్త్రీపురుషులందరినీ క్షమించు. ఆమీన్!

అల్లాహ్ దాసులారా! అల్లాహ్ న్యాయాన్ని, మేలును, బంధువుల పట్ల ఔదార్యాన్ని ఆదేశిస్తున్నాడు. అశ్లీలాన్ని, చెడును, దౌర్జన్యాన్ని వారిస్తున్నాడు. ఆయనను స్మరించండి. లేచి నమాజు కోసం వరుసలు సరిచేసుకోండి.